సరంగు సమూయేలు, తొక్కుడు పడవ

నిజాంపట్నం రేవులో ముప్పయ్యొక్క సంవత్సరాలు మరపడవ నడిపిన సరంగు, అన్నేళ్ళలో ఒక్క మనిషిని కూడా సముద్రానికి ఇవ్వకుండా అందర్నీ ఒడ్డుకు చేర్చిన సరంగు, కొక్కిలిగడ్డ సమూయేలు. అంతటివాడు అరవై తొమ్మిదో ఏట, మెల్‌బోర్న్ పక్కన క్రాన్‌బర్న్‌లో, కూతురింటి డైనింగ్ టేబులు దగ్గర బీరకాయ చెక్కు తీస్తూ, సొంత మనవడు పడవ సంగతి ఇంకెవర్నో అడుగుతుంటే వినవలసి వచ్చింది.

ఆ ఇంకెవరో ఎదురుగా ఉన్న మనిషి కూడా కాదు. ఫోన్‌లో ఉన్నాడు. ఎర్రగడ్డం, నల్ల కళ్ళద్దాలు, తల మీద టోపీ. క్వీన్స్‌లాండ్‌లో ఏదో కాలువలో తిరుగుతూ వీడియోలు తీసి పెడతాడట. ఆ గడ్డపు మనిషి ఏం చెబితే అది మనవడు డేనీ కంప్యూటర్‌లో గళ్ళ పట్టికలోకి ఎక్కించుకుంటాడు. బరువెంత, పొడవెంత, వెడల్పెంత, కుర్చీ ఎత్తెంత, గాలం కర్ర గుచ్చుకోవడానికి కన్నాలెన్ని. నలభై మూడు కయాకులు ఆ పట్టికలో ఉన్నాయి. జూన్‌లో మొదలుపెట్టాడు. సెప్టెంబరు వచ్చింది. పడవ మాత్రం రాలేదు.

డేనీ ఆయన కూతురు ఎల్సా కొడుకు. యూనిలో సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పాఠాల వీడియోలు రెట్టింపు వేగంతో పరుగెత్తించి వింటాడు. గడ్డపు మనిషి వీడియో మాత్రం ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింటాడు. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే సన్నపాటి ప్లాస్టిక్ పడవ. మామూలుగా తెడ్డుతో వేస్తారు. డేనీకి కావలసింది అది కాదు. సైకిలు తొక్కినట్టు కూర్చుని కాళ్ళతో తొక్కేది. చేతులు రెండూ గాలానికి ఖాళీగా ఉంటాయని. అందులోనూ రెండు జాతులు. ఒకదానికి అడుగున పెంగ్విన్ రెక్కల్లాంటివి రెండు ఉంటాయి. తొక్కితే అటూ ఇటూ ఆడి పడవను తోస్తాయి. రెండోదానికి అడుగున చిన్న పంకా తిరుగుతుంది. పంకా పడవ ముందుకూ పోతుంది, వెనక్కి తొక్కితే వెనక్కీ పోతుంది. రెక్కలది వెనక్కి పోదు. డేనీ మూడు నెలలుగా ఈ రెండింటి మధ్య ఊగుతూ, ఈ మధ్య పంకా వైపు ఒరిగాడు.

"ఒరే డేనీ, ఏ నీళ్ళల్లో వేస్తావురా దాన్ని?" అని అడిగాడు సమూయేలు.

"టూరాడిన్‌లో తాతయ్యా. వెస్టర్న్ పోర్ట్."

"ఆ నీళ్ళ అడుగున ఏవుంది? ఇసకా, బురదా, గడ్డా?"

"ఐ డోంట్ నో. నార్మల్ వాటర్."

నార్మల్ వాటర్! సమూయేలు చేతిలో బీరకాయ ఆగిపోయింది. సముద్రానికి మామూలు నీళ్ళు అని పేరు పెట్టినవాణ్ణి ఆయన జన్మలో చూడలేదు. తొంభయ్యో సంవత్సరం తుఫానులో ఇంజను చచ్చిపోతే టార్పాలిన్ని తెరచాపగా కట్టి తొమ్మిది మందిని ఏటి మొగలోకి తెచ్చినవాడు ఆయన. చేపల శాఖవాళ్ళు బాపట్లలో మీటింగు పెట్టి శాలువా కప్పారు. పడవ కార్మికుల సంఘానికి రెండుసార్లు ప్రెసిడెంటు, రెండోసారి పోటీ కూడా లేదు. చదివింది ఊరి మిషను బడిలో ఐదో తరగతే. కానీ ఆ ఐదు తరగతుల్లో ఎక్కాల్లో ఆయన్ని మించినవాడు లేడు. ఆఖరికి క్రాన్‌బర్న్‌కు వచ్చాక కూడా, చర్చి కోత పండుగలో బీరకాయలకు మూడేళ్ళు వరసగా ఫస్టు ప్రైజు. ఇన్ని చేసిన మనిషి పక్కనే ఉన్నాడు. కుర్రాడు ఒక్క మాట అడగడు. ఒక్కటంటే ఒక్కటి.

సమూయేలుకు కావలసింది పెద్దదేమీ కాదు. "తాతయ్యా, నువ్వు చెప్పు" అని ఒకసారి అడగాలి, చెప్పింది వినాలి. అంతే. ఈ దేశంలో బ్యాంకు సంగతి అల్లుడికి తెలుసు, ఆసుపత్రి సంగతి కూతురికి తెలుసు, మిగతా లోకమంతా డేనీ ఫోన్‌కు తెలుసు. ఆయన వంతుకు మిగిలింది నీళ్ళే. ఆ నీళ్ళల్లో కూడా ఆయన మాటకు చోటు లేకపోతే, ఇక ఈ ఇంట్లో ఆయన బీరకాయలు చెక్కే మనిషిగానే ఉండిపోతాడు.

ఆ సాయంత్రం నడకలో ఈ గోడంతా జనార్దనరావు దగ్గర వెళ్ళబోసుకున్నాడు. జనార్దనరావు నాలుగిళ్ళ అవతల కొడుకు దగ్గరుంటాడు. రాజమండ్రిలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఇద్దరూ రోజూ పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరుగుతారు. ఒకరి గొప్పలు ఒకరికి కంఠతా వచ్చు.

"మీవాడు మిమ్మల్ని అడగలేదని బాధపడుతున్నారు గానీ సమూయేలు గారూ," అన్నాడు జనార్దనరావు, "నేను రెండు బ్రాంచీలు చూశాను. మా మనవరాలు పింకీ అకౌంట్ తెరవడానికి నన్ను అడిగిందా? లేదే!"

"బ్యాంకు వేరండీ. అది కాయితాల మీద పని. నీళ్ళు కాయితాల మీద ఉండవు."

"అది సరే. అసలు ఈ కాలపు పడవలు మీకు తెలుస్తాయా అండీ? మీది కర్ర. ఇది ప్లాస్టిక్. మీది డీజిలు. ఇది కాళ్ళు." జనార్దనరావు నవ్వాడు. "కుర్రాడు అడక్కపోవడమే మేలేమో. అడిగితే మీరేం చెబుతారు?"

సమూయేలు మూడో చుట్టు మధ్యలోనే ఇంటికి తిరిగిపోయాడు.

మర్నాడు డేనీ కయాకుల కొట్టుకు బయల్దేరుతుంటే, ఎవరూ పిలవకుండానే వెళ్ళి కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"తాతయ్యా, ఇట్స్ గోయింగ్ టు బి బోరింగ్."

"నాకు బోరు కొడితే నేను చూసుకుంటాలే. నువ్వు పద."

కొట్లో కయాకులు గోడలకు నిలబెట్టి ఉన్నాయి, బట్టల కొట్లో చీరల్లాగా, అన్ని రంగుల్లోనూ. గ్రెగ్ అనే పొడుగాటి మనిషి వచ్చి డేనీతో మాట కలిపాడు. ఇద్దరూ కప్పు పెట్టుకునే కన్నం గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. పడవలో కప్పుకో కన్నం! సమూయేలు వాళ్ళను వదిలేసి కింద పడుకోబెట్టి ఉన్న రెక్కల కయాక్ దగ్గరికి పోయాడు. వేలి కణుపులతో కొట్టి చూశాడు. చుక్కాని పట్టుకుని లాగి చూశాడు. అది చూపుడువేలంత పుల్లతో తిరుగుతుంది. ఆయన మరపడవ చుక్కాని పట్టాలంటే భుజం బలం కావాలి. ఆ తర్వాత కొట్టు తివాచీ మీద వెల్లకిలా పడుకుని, కయాక్‌ను ఒక పక్కకు ఎత్తి, దాని పొట్ట కిందికి తల పెట్టాడు.

"తాతయ్యా! పీపుల్ ఆర్ వాచింగ్!"

"చూడనీరా. పడవ మంచీచెడ్డా అడుగున ఉంటుంది. మీ గడ్డపోడు అడుగు ఒక్కసారైనా చూపించాడా?"

లేచి, చొక్కా దులుపుకుని, గ్రెగ్‌తో తన ఇంగ్లీషులో అడిగాడు. "మిస్టర్, మడ్ కమింగ్, దిస్ ఫ్యాన్, వాట్ హ్యాపెన్?"

గ్రెగ్ ముఖం వెలిగింది. ఆ ప్రశ్న డేనీ మూడు నెలల్లో అడగలేదు. పంకా అయితే అడుగున ఒక జానెడు దిగి ఉంటుంది, బురద తగిలితే మొత్తం పైకి ఎత్తేసుకోవాలి అన్నాడు. రెక్కలదైతే ఒక పెడలును పూర్తిగా ముందుకు తన్నితే చాలు, రెక్కలు రెండూ పడవ పొట్టకు అతుక్కుపోతాయి అని చేసి చూపించాడు. సమూయేలు తల పంకించాడు. ఆయనకు అక్కడే తేలిపోయింది.

"డేనీ, ఇది. రెక్కలది. ఇంక ఇంటికి పద."

"తాతయ్యా, దానికి రివర్స్ లేదు."

"పడవకు రివర్సెందుకురా? ఏవన్నా ఇరుకు సందులో పెట్టుకుంటావా?"

"చేప పట్టినప్పుడు వెనక్కి రావాలి కదా. క్వీన్స్‌లాండ్ అతను చెప్పాడు, రివర్స్ ఈజ్ ఎ మస్ట్."

"ఆ క్వీన్స్‌లాండ్ అతన్ని పిలువ్, రేపొచ్చి నీ బట్టలు కూడా ఉతుకుతాడు!"

గ్రెగ్‌కు భాష తెలియకపోయినా తగువు తెలిసింది. ఒక ఉపాయం చెప్పాడు. రెండు కయాకులూ ఒక పూట అద్దెకు ఇస్తాను, శనివారం పొద్దున తొమ్మిదికి టూరాడిన్ ర్యాంప్ దగ్గర నేనే దింపుతాను, పన్నెండుకు వచ్చి తీసుకుపోతాను, ఈలోగా ఏది కావాలో తేల్చుకోండి అన్నాడు. తొమ్మిది మీకు కుదరకపోతే వేళ మార్చుకోండి అని కూడా అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "చెక్ ద టైడ్, మేట్" అన్నాడు డేనీతో. పోటు ఎప్పుడో చూసుకోమని.

డేనీ జేబులోంచి ఫోన్ తీశాడు. సమూయేలు ఇక ఆగలేకపోయాడు.

"దానికి కూడా ఫోనేనా? పోటు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేనా? నేను చెప్పలేనా డేనీ?"

ఆ రాత్రి భోజనాల దగ్గర తగువు ఎల్సా ముందుకు వచ్చింది. ఎల్సా వృద్ధుల హోములో నర్సు, ఎనభై తొంభై ఏళ్ళవాళ్ళ కోపాలు రోజంతా దించి ఇంటికి వస్తుంది. ఆమె ఇద్దరి మాటా విని కొడుకు వైపు తిరిగింది.

"డేనీ, మూణ్ణెల్లయింది. బ్రేక్ అయిపోతే నీకు అసైన్‌మెంట్లు, తర్వాత ఎగ్జామ్స్. ఈ శనివారంతో ఇది ఫినిష్ అవ్వాలి. ఒక్కసారి, జస్ట్ వన్స్, తాతయ్య చెప్పినట్టు చెయ్యి. ఎప్పుడు దిగాలో, ఎటు పోవాలో ఆయన్నే చెప్పనీ. ఫోన్ తియ్యకు."

"మమ్, యాప్‌లో రెండు సెకన్లలో..."

"ఫోన్ తియ్యకన్నానా?"

"ఫైన్. ఫైన్! తాతయ్య ఈజ్ ద క్యాప్టెన్."

వాడు ఆ మాట ఎగతాళిగానే అన్నాడు. సమూయేలు మాత్రం కంచం ముందు నిటారుగా కూర్చున్నాడు.

ఇప్పుడు ఆయన లెక్క ఏమిటో చెప్పుకోవాలి. ఆయన మెడలో సిలువ ఉన్నా, పోటు లెక్క మాత్రం ఆ తీరంలో అందరిదీ ఒకటే. చంద్రుడు ఏ మతమూ పుచ్చుకోలేదు గదా. పున్నమినాడూ అమావాస్యనాడూ పోటు పొద్దున తొమ్మిదికి నిండుతుంది. అక్కణ్ణించి తిథికి రెండు గడియలు చొప్పున ఆలస్యం కలుపుకుంటూ పోవాలి. వేలి కణుపుల మీద లెక్క. ఆయన తండ్రి నేర్పాడు, తండ్రికి తాత. ముప్పయ్యొక్క సంవత్సరాల్లో ఆ లెక్క ఒక్కపూట తప్పలేదు. శుక్రవారం నడకలో జనార్దనరావును తిథి అడిగితే, మెల్‌బోర్న్ పంచాంగం చూసుకునే మనిషి కనక, రేపు సప్తమి అని చెప్పాడు. సమూయేలు కణుపులు మడిచాడు. ఎనిమిది దాటాక ఆటు అడుగంటుతుంది. అక్కణ్ణించి పోటు మొదలు. తొమ్మిదికి దిగితే నీళ్ళు సముద్రంలోంచి కాలువలోకి వస్తూనే ఉంటాయి, గంట గంటకూ పెరుగుతాయి, భయమన్నది లేదు.

ఈ దేశం వచ్చిన ఏడేళ్ళుగా ఈ సముద్రాన్ని ఆయన కారు అద్దంలోంచే చూశాడు. కారులోంచి చూసినవాడికి అందులో నీళ్ళు లోపలికి ఎప్పుడు వస్తాయో, బయటికి ఎప్పుడు పోతాయో పట్టదు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

శనివారం తొమ్మిదికి ర్యాంప్ దగ్గర పడవ తేలడానికి సరిపడా నీళ్ళున్నాయి. "చూశావా" అన్నాడు సమూయేలు. గ్రెగ్ రెండు కయాకులూ దింపి, ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. సమూయేలు తనదాన్ని చేతిలో పెట్టుకుని దానివైపు చూశాడు.

"నాకా?"

"లా తాతయ్యా. వేసుకోకపోతే ఫైన్ వేస్తారు."

తొమ్మిది మందిని తుఫానులోంచి తెచ్చిన మనిషి పసుపుపచ్చ జాకెట్ తొడుక్కుని, మెడ కింద బకిలు పెట్టించుకుని, రెక్కల కయాక్‌లో కూర్చున్నాడు. డేనీ పంకాది తీసుకున్నాడు.

మొదటి అరగంట హాయిగా సాగింది. కాలువ మలుపులు తిరుగుతూ సముద్రం వైపు పోతుంది, రెండు పక్కలా మడ చెట్లు. ఏడేళ్ళ తర్వాత మడ ఆకు వాసన తగిలి సమూయేలుకు ప్రాణం లేచి వచ్చింది. తొక్కడం కూడా బాగుంది. ఈ మాట మాత్రం ఆయన పైకి అనలేదు. కాసేపటికి డేనీ పంకాకు సముద్రపు గడ్డి చుట్టుకుంది. వాడు దాన్ని పైకి ఎత్తి, పీకి, దింపి, నాలుగడుగులు పోయేసరికి మళ్ళీ చుట్టుకుంది.

"మీ గడ్డపోణ్ణి అడుగు, గడ్డి ఎట్టా పీకాలో!" అని కేక వేశాడు సమూయేలు.

ఆ కేక వేసే తొందరలో ముందు చూసుకోలేదు. ఆయన కయాక్ ముక్కు పోయి మడ వేళ్ళ మధ్య దూరింది. తొక్కితే ఇంకా లోపలికి పోతోంది. వెనక్కి రాదు. పట్టుకు లాక్కుందామంటే చేతికి అందే కొమ్మ లేదు, పక్కన కట్టి ఉన్న తెడ్డు ఆ వేళ్ళ మధ్య విప్పడానికి రాదు. డేనీ గడ్డి పీకడం మానేసి, వెనక్కి తొక్కుకుంటూ వచ్చి, తోక తాడు పట్టుకుని ఆయన్ని బయటికి లాగాడు.

"రివర్స్, తాతయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటే చాలు, సమూయేలుకు ఒళ్ళు మండిపోయింది.

మండుతుండగానే ఆయన కళ్ళు మడ కాండాల మీద పడ్డాయి. కాండం మీద నీళ్ళకు పైన జానెడు మేర తడి మెరుస్తోంది. ఎండిన బురద కాదు, అప్పుడే నీళ్ళు వదిలిన తడి. నీళ్ళు ఎక్కుతుంటే తడి నీళ్ళ కిందనే ఉంటుంది. దిగుతుంటేనే పైన మిగులుతుంది. ఐదో తరగతి పిల్లవాడికి తెలుస్తుంది ఈ సంగతి.

చెప్పేయాల్సింది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ "రివర్స్, తాతయ్యా" అన్న మాట ఇంకా చెవిలో ఉంది. అల వచ్చి తగిలి ఉంటుంది, ఏదో మోటారు పడవ పోయి ఉంటుంది, తన లెక్క తప్పడమేమిటి అనుకున్నాడు. ఇంకో మలుపు చూద్దాం అనుకున్నాడు. డేనీ వెనకే వస్తున్నాడు. తల తిప్పి, "గాలం వెయ్యరా, ఇక్కడ పడతాయి" అని కూడా అన్నాడు. వాడు గాలం వేశాడు. పది నిమిషాలు గడిచాయి. తడి గీత జానెడు కాస్తా మూరెడయింది. కాలువ అంచున బురద నల్లగా వీపు పైకి తేల్చింది.

ముప్పయ్యొక్క సంవత్సరాల్లో ఆయన పడవలో పనిచేసినవాళ్ళు ఇరవై మంది పైనే. తప్పు తెలిసి కూడా పది నిమిషాలు నోరు మూసుకున్నది ఎన్నడూ లేదు. అక్కడ అట్లా చేస్తే మనుషులు పోతారు. మరి ఇక్కడ? సొంత మనవడు ఎదురుగా ఉంటే?

"డేనీ, గాలం తియ్యి. పడవ తిప్పు. నీళ్ళు పోతన్నాయి."

"వాట్? వస్తున్నాయని చెప్పావ్ కదా?"

"తప్పు చెప్పా. తిప్పరా ముందు!"

ఇద్దరూ తిరిగి తొక్కారు. సమూయేలు ముందు, డేనీ వెనక. మలుపు దగ్గర బయటి ఒడ్డునే లోతుంటుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. నీళ్ళ మీద ముడతలు కనపడ్డచోట అడుగు దగ్గరగా ఉన్నట్టు, నున్నగా ఉన్నచోట లోతున్నట్టు. "నా తోకనే రా! అటు పోకు, నున్నగా ఉన్నచోట తొక్కు!" అని అరుస్తూ మూడు మలుపులు దాటించాడు. నాలుగో మలుపు తిరిగేసరికి ర్యాంప్ కనపడింది. మధ్యలో నీళ్ళు కనపడలేదు. డేనీ పంకా బురదలో దిగి గర్రుమని ఆగింది. సమూయేలు పెడలు ముందుకు తన్ని రెక్కలు పొట్టకు అతికించుకుని, తెడ్డుతో ఇంకో రెండు బారలు జారాడు. అంతే. ఆయనదీ ఆగింది. ర్యాంప్ నూరు బారలు కూడా లేదు.

"దట్స్ ఇట్. ఐయామ్ వాకింగ్" అని డేనీ కాలు బయట పెట్టబోయాడు.

"దిగొద్దు!"

ఆ గొంతు డేనీ ఎన్నడూ వినలేదు. బీరకాయలు చెక్కే తాతది కాదు అది. ఇంజను మోత మీదుగా, గాలి మీదుగా, పడవ ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడాల్సిన గొంతు. వాడి కాలు గాల్లోనే ఆగింది.

"ఆ తెడ్డు తిప్పి పట్టుకుని కిందికి గుచ్చి చూడు."

డేనీ గుచ్చాడు. తెడ్డు సగానికి పైగా దిగింది. లాగితే రాలేదు. రెండు చేతులా పట్టి ఊపితే, బురద చప్పుడు చేస్తూ వదిలింది. వాడు కాలు లోపలికి తీసుకుని కూర్చున్నాడు.

పన్నెండుకు గ్రెగ్ వచ్చి ర్యాంప్ మీద నిలబడ్డాడు. చేతులు నడుం మీద పెట్టుకుని చూశాడు. తర్వాత బండిలోంచి మడత కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ర్యాంప్ మీదికి ఎవరెవరో వచ్చి, ఆయన్ని అడిగి, ఇటు చూసి, నవ్వుకుంటూ పోయారు. కొంగలు వచ్చి బురదలో పురుగులేరుకున్నాయి. మధ్యాహ్నం ఎండ సమూయేలు బట్టతల మీద పడుతోంది. దాహం వేస్తోంది. నీళ్ళ సీసా డేనీ పడవలో కప్పు కన్నంలో ఉంది, అది చేతికి అందదు. వాడు దాన్ని విసిరాడు. ఆయన అందుకున్నాడు.

"మమ్ ఫోన్ తియ్యొద్దంది. ఇప్పుడు తియ్యొచ్చా?"

"తియ్యి నాయనా. నీ ఇష్టం."

డేనీ చూశాడు. "ఆటు పన్నెండుంబావుకి అట. నువ్వు ఎప్పుడన్నావ్?"

"ఎనిమిదింబావుకి."

"ఫోర్ అవర్స్ ఆఫ్! ఎలా లెక్కపెట్టావసలు? గెస్సేనా?"

"గెస్సా?" సమూయేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గెస్ చేసి ముప్పయ్యొక్కేళ్ళు పడవ నడిపాననుకున్నావురా? ఇటు చూడు!" అని చెయ్యి పైకెత్తి, కణుపుల మీద లెక్క చూపించాడు. పున్నమి, తొమ్మిది. పాడ్యమి, రెండు గడియలు. విదియ, మరో రెండు. డేనీ మొదట కోపంగానే చూశాడు. కాసేపటికి ముందుకు వంగాడు.

"వెయిట్. గడియ అంటే?"

"ఇరవై నాలుగు నిమిషాలు."

"అంటే రోజుకి ఫార్టీ ఎయిట్ మినిట్స్." డేనీ ఫోన్‌లో ముందూ వెనకా నెల రోజులు తిప్పి చూశాడు. "తాతయ్యా, నీ లెక్క రైటే. రోజూ అంతే జరుగుతోంది. నువ్వు మొదలుపెట్టిన చోటే రాంగ్. పున్నమికి ఇక్కడ తొమ్మిదికి కాదు, వన్ ఓ క్లాక్‌కి నిండుతోంది. ప్లేస్ మారితే స్టార్టింగ్ టైమ్ మారుతుంది. అంతే."

సమూయేలు వేళ్ళు మడిచి, విప్పి, ఒంటిగంట నుంచి మొదలుపెట్టి సప్తమి దాకా లెక్కేసుకున్నాడు. సరిపోయింది. ఆయనకు సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఇంత చిన్న సంగతి. ఊరు మారినవాడు మొదటి రోజే ఒడ్డున ఒక పుల్ల పాతి చూసుకోవాల్సిన సంగతి. ఏడేళ్ళు ఎవరి దగ్గరా కనుక్కోకుండా, చూసుకోకుండా, తెలుసని కూర్చున్నాడు.

"నేను పది నిమిషాల ముందే చూశానురా," అన్నాడు, కొంగల వైపు చూస్తూ. "మడ చెట్ల మీద తడి. నీళ్ళు దిగుతున్నాయని అప్పుడే తెలిసింది. చెప్పలేదు. అప్పుడే తిప్పుంటే ఈపాటికి ఇంట్లో అన్నం తింటా ఉందుం."

డేనీ ఫోన్ జేబులో పెట్టాడు. "సీరియస్‌లీ, తాతయ్యా?" అని మాత్రం అన్నాడు. అది ఇంగ్లీషులో ఎంత తక్కువ తిట్టో సమూయేలుకు తెలియదు గానీ తగలాల్సినంత తగిలింది.

రెండు దాటాక నీళ్ళు వచ్చాయి. ముందు బురద మీద సన్నని మెరుపుగా వచ్చాయి, తర్వాత కయాకుల కింద గుసగుసలాడాయి. రెక్కలది ముందు తేలింది. సమూయేలు రెక్కలు పొట్టకు అతికించుకునే, తెడ్డు వేసుకుంటూ, చీపురుకట్ట మందం నీళ్ళ మీద ర్యాంపుకు చేరాడు. బురదలో కూరుకున్న పంకా పైకి రాక డేనీ ఇంకో అరగంట అక్కడే ఉండి తెడ్డుతో తంటాలుపడ్డాడు.

గ్రెగ్ కుర్చీ మడిచాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు, మధ్యాహ్నమంతా పోయింది మరి. "హూ రెడ్ ద టైడ్?" అని అడిగాడు. పోటు చూసింది ఎవరు?

డేనీ తాత వైపు చూసి, "మై ఫోన్ వాజ్..." అని మొదలుపెట్టాడు. వాడు అబద్ధం చెప్పబోతున్నాడని, తన కోసమే చెప్పబోతున్నాడని సమూయేలుకు అర్థమైంది. అది ఆయన వల్ల కాలేదు.

"మీ," అన్నాడు, తన గుండె మీద వేలు పెట్టుకుని. "ఐ టోల్డ్. బాయ్ నో మిస్టేక్. సారీ, మిస్టర్."

గ్రెగ్ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, బురద పట్టిన చెయ్యే పట్టుకుని ఊపాడు. తర్వాత డేనీ వైపు తిరిగి, మరి ఏది తీసుకుంటావు అని అడిగాడు.

డేనీ రెండు కయాకులనూ చూశాడు. ఫోన్ జేబులోనే ఉంది. తాత వైపు తిరిగాడు.

"తాతయ్యా, నువ్వు చెప్పు. ఏది?"

సమూయేలుకు ఆకలేస్తోంది, నడుం పట్టేసింది, నెత్తి కాలిపోయింది. ఈ మాట కోసం జూన్ నుంచి కాచుకుని కూర్చున్నవాడికి ఇది అడిగే వేళా అనిపించింది.

"ఇప్పుడా అడిగేది! ఈ బురదనీళ్ళకి రెక్కలదేరా. వెనక్కి పోదు, అది నిజం. నువ్వు లాక్కపోతే ఆ మడల్లోనే ఉండేవాణ్ణి. అందుకని తెడ్డు ఎప్పుడూ చేతికి అందేటట్టు కట్టుకో. ఇంకా సందేహమా? ఆయనతో చెప్పు, పొద్దుపోతోంది."

"ఫిన్స్," అన్నాడు డేనీ గ్రెగ్‌తో, రెక్కల కయాక్ చూపిస్తూ. "వీ విల్ టేక్ ద ఫిన్స్."

గ్రెగ్ రెక్కల కయాక్ ముక్కు పట్టుకున్నాడు, డేనీ తోక పట్టుకున్నాడు. సమూయేలు పక్కన నడుస్తూ, ఎత్తి పట్టండి, అడుగు రాళ్ళకు రాసుకుంటోంది అని ఇద్దరి మీదా తెలుగులోనే కేకలేశాడు. ఇద్దరూ ఎత్తి పట్టారు.